మోంటానా కవరు

వెర్నా క్విలెన్‌కి ఎనభై మూడేళ్లు. ఇప్పటికీ ఏ కవరు వచ్చినా ముందూ వెనకా రెండుసార్లు చదివితే గాని చింపదు. కరెంటు బిల్లయినా అంతే, సబ్బుల కంపెనీ ప్రకటనైనా అంతే. "అదేమైనా బాంబా అత్తా?" అని మేనకోడలు ఎగతాళి చేస్తుంది. చెయ్యనీ. దేశాధ్యక్షుణ్ణే తారుమారు చెయ్యబోయిన చెయ్యి అది, దానికా మాత్రం భయం ఉండొద్దూ!

నాలుగేళ్లకోసారి, జనవరి ఆరున, అంటే అమెరికా అధ్యక్ష ఎన్నిక ఓట్లు సభలో లెక్కపెట్టే రోజున, ఆవిడ పందిమాంసపు ఎముక వేసి బీన్స్ సూప్ వండుకుంటుంది. సెనేట్ క్యాంటీన్‌లో వండేలాంటిదే. గిన్నె పట్టుకుని టీవీ ముందు కూర్చుంటుంది. ఓట్ల కవర్లున్న మహోగని పెట్టెలు సభలోకి రాగానే చెంచా పక్కన పెట్టేస్తుంది. ఇంక ఆవిడకి టీవీ కనపడదు.

అప్పుడావిడకి ఇరవై ఆరు. ఉపాధ్యక్షుడు ఆంబ్రోస్ హాలిడన్ ఆఫీసులో ఉత్తరాలు చూసే సెక్రటరీ. ఆ ఏడాది ఆయన అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. అన్ని రాష్ట్రాలూ తేలాయి గాని మోంటానా ఒక్కటీ తేలలేదు. రాష్ట్రం తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాల్సిన రెండు పార్టీల ప్రతినిధులూ మేమే గెలిచామంటూ వేర్వేరుగా కూర్చుని ఓట్లేసి, కవర్లకి లక్క ముద్ర వేసి పంపారు. గవర్నరు సంతకమున్నది అవతలి పార్టీ కవరు. సంతకం లేనిది హాలిడన్ వాళ్లది. ఉన్నవి నాలుగే ఓట్లు, అవి ఎటు పడితే అధ్యక్ష పీఠం అటు. ఆ కవర్లు ఉభయ సభల ముందు తెరవాల్సినవాడు ఎవరయ్యా అంటే, ఉపాధ్యక్షుడు. తన పెళ్లికి తనే పురోహితుడు, పెళ్లి తప్పినా ఆ కబురు తనే చదివి వినిపించాలి.

డిసెంబరు ముప్పై పొద్దున వెర్నా టపా ముందేసుకుని కూర్చుంది. చేతిలో కవర్లు కోసే దంతపు కత్తి. ఆలస్యంగా వచ్చిన క్రిస్మస్ కార్డులు గుట్టగా ఉన్నాయి. తియ్యడం, కొయ్యడం, పక్కన పెట్టడం. అలవాటులో పొరపాటు అంటారే, అదే జరిగింది. లక్క ముక్క విరిగి ఒళ్లో పడ్డాక గాని చూసుకోలేదు. మోంటానా. లోపల గవర్నరు సంతకం.

ఆ కవరు పట్టుకునే హాలిడన్ గదిలోకి వెళ్లింది. అక్కడ పార్టీ పెద్ద రస్ పెండర్ కూడా ఉన్నాడు.

"సార్, మోంటానా కవరు కోసేశాను."

"ఏది?" అన్నాడు హాలిడన్.

"గవర్నరుగారిది. మీకు వ్యతిరేకమైనది."

పెండర్ గంతేసినంత పని చేశాడు. "విరిగి నేతిలో పడడమంటే ఇదేనయ్యా ఆంబ్రోస్! సీలు తెగిన కవరు చెల్లదందాం. పెట్టెలో మిగిలేది మనదే. తెరిచేవాడివి నువ్వు, నువ్వేది తెరిస్తే అదే లెక్క!"

"తెరవడమే నా పని రస్. ఎంచుకోవడం కాదు."

"కాదని ఎక్కడ రాసుంది?"

"ఎవడి పరీక్ష పేపరు వాడే దిద్దుకోవచ్చని మాత్రం ఎక్కడ రాసుందోయ్?" అని ఆయన వెర్నా వైపు తిరిగాడు. "ఏడవకమ్మా. మోంటానా రాజధాని హెలెనాలో జడ్జిగారి దగ్గర సీలు వేసిన ప్రతి ఇంకోటి ఉంటుంది. ఇలాంటి కొంపలు మునిగే రోజు కోసమే దాస్తారు. మనిషిని పంపి తెప్పించుకోవచ్చు. సాయంత్రం రైలుకి నువ్వే వెళ్లు."

"నేనా సార్?"

"కోసింది నువ్వేగా!"

మంచుకి ఆ వారం విమానాలు ఎగరడం లేదు. స్టేషనుకి పెండర్ తనే కారులో దింపాడు, చాక్లెట్ల డబ్బా కూడా చేతిలో పెట్టాడు. "ఏమ్మా వెర్నా, చికాగోలో రైలు మారాలి. కాఫీ తాగుతూ కూర్చుంటే రైలు తప్పిపోవచ్చు. చలిరోజులు, ఎవరేమనుకుంటారు? ఆయన అధ్యక్షుడైతే నీ బల్ల వైట్ హౌస్‌లో ఉంటుంది."

చికాగోలో ఆవిడ నిజంగానే కాఫీ కొనుక్కుని కూర్చుంది. ఆయన గెలవాలని ఆవిడకి మాత్రం లేదా? ఆయన కోసం ఎన్నికల ఉత్తరాలు అంటించీ అంటించీ నాలుక మీద జిగురు రుచి వారం దాకా పోని పిల్ల. గడియారం చూసింది. ఐదు నిమిషాలుంది. కప్పులోకి చూసింది. కాళ్లు కదల్లేదు. మూడు నిమిషాలు. "కోసింది నువ్వేగా" అన్న మాట చెవిలో గింగురుమంది. కప్పు సగంలో వదిలేసి, టోపీ ఎగిరిపోతున్నా చూడకుండా పరుగెత్తి, కదులుతున్న రైలెక్కింది.

హెలెనాలో జడ్జిగారు వాకిట్లో మంచు ఎత్తిపోసుకుంటున్నారు. లోపలికి పిలిచి, సంతకం తీసుకుని, కవరు చేతిలో పెట్టి, "ఇదెవరికి లాభమో తెలుసామ్మా?" అని అడిగారు. తెలుసంది. ఆయన దారికని రొట్టెలు కట్టించి ఇచ్చారు. కవరు కోటు లోపల పెట్టి కుట్టేసుకుని, ఐదో తారీకు పొద్దున వాషింగ్టన్‌లో దిగింది.

ఆరో తారీకున అలబామాతో మొదలుపెట్టి వరసన చదువుకుంటూ వచ్చి, మోంటానా దగ్గర హాలిడన్ ఆగాడు. "ఈ కవరు నా ఆఫీసులో ముందే తెగింది. తప్పు నాది. ఇదిగో జడ్జిగారి ప్రతి, ఇది మీ ముందే తెరుస్తున్నాను. ఇదిగో రెండో పార్టీవాళ్లు పంపినది. మూడూ సభ ముందు పెడుతున్నాను, నిర్ణయం మీది." సభలు విడివిడిగా కూర్చుని రెండు గంటలు కొట్లాడుకుని గవర్నరు సంతకానికే ఓటేశాయి. తను ఓడిపోయానన్న సంగతి హాలిడన్ తన గొంతుతోనే దేశానికి చదివి వినిపించాడు. మధ్యలో ఒక్కసారి మంచినీళ్లు తాగాడంతే.

సాయంత్రం ఆఫీసులో ఇద్దరే మిగిలారు. క్యాంటీన్ నుంచి రెండు గిన్నెల సూప్ వచ్చింది.

"చికాగోలో రైలు తప్పిపోనిమ్మని రస్ చెప్పాడా?"

"చెప్పారు సార్."

"నీకూ అనిపించిందా?"

"అనిపించింది. కాఫీ కూడా కొనుక్కున్నాను."

హాలిడన్ పడీపడీ నవ్వాడు. తర్వాత చెంచా కింద పెట్టి, దంతపు కత్తి ఆవిడ వైపు జరిపాడు. "ఇది నీ దగ్గర ఉంచుకో. ఇంక నాకు కోయాల్సిన ఉత్తరాలేం వస్తాయి?" కిటికీ తలుపు వేసి వచ్చి అన్నాడు. "ఈ ఆరు రోజులూ పూటపూటా నీ రైలు మంచులో కూరుకుపోవాలని దేవుణ్ణి వేడుకున్నాను వెర్నా. నిన్నెందుకు పంపాననుకున్నావు? నేనే వెళ్లుంటే చికాగోలో ఆ కాఫీ మొత్తం తాగేవాణ్ణి."

ఆయన పోయినప్పుడు పేపర్లన్నీ రాయిలాంటి మనిషని రాశాయి. వెర్నా ఒప్పుకోదు. రాయే అయితే, ఇన్నేళ్ల తర్వాత కూడా సూప్ చల్లారిపోయేదాకా ఇలా కూర్చుని తలుచుకునేది కాదు.