వద్దన్న మినహాయింపు

నేను ఒక ధ్రువపత్రాన్ని. ఎక్కడో సర్వర్‌లో ఉత్త అక్షరాలుగా ఉన్న నన్ను విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని సన్యాసిరావు గారి నెట్ సెంటర్‌లో, ఒక ఏప్రిల్ సాయంత్రం, మందపాటి కాగితం మీద అచ్చు వేసి లామినేషన్ చేశారు. ‘లావేటి హైమవతి, ఆన్‌లైన్ కంప్యూటర్ సిస్టమ్స్ కోర్సులో నాలుగు సబ్జెక్టులనూ ప్రథమ శ్రేణిలో పూర్తి చేసినది’ అని నా మీద ఉంటుంది. చూడటానికి బాగుంటాను. కానీ నా మీద రాసిందంతా నిజం కాదు. ఆ సంగతి అప్పట్లో ఇద్దరు మనుషులకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఇద్దరిలో రెండో మనిషి వసుంధర. సీతమ్మధారలో ఉద్యోగినుల హాస్టల్‌లో హైమవతితో ఒకే గదిలో ఉండేది. హైమవతిది పాలకొండ, వసుంధరది బొబ్బిలి. హైమవతి డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లులు కొట్టేది, వసుంధర చీరల కొట్టులో కౌంటర్ దగ్గర నిలబడేది. ఇద్దరికీ కలిపి ఒక్కటే పాత ల్యాప్‌టాప్. కోర్సులో ఇద్దరూ చేరారు గానీ, పని నుంచి వచ్చాక మిగిలే రెండు గంటల్లో నాలుగు సబ్జెక్టులు నడవవని నెల తిరక్కుండానే తేలిపోయింది. అందుకని పంచుకున్నారు. లైనక్స్, ప్రోగ్రామింగ్ హైమవతివి. నెట్‌వర్కింగ్, డేటాబేస్ వసుంధరవి. ఎవరి పాఠం వాళ్లు చదివి, పరీక్ష మాత్రం ఇద్దరి పేరు మీదా రాసేవారు. అది మోసమని వాళ్లకు తోచలేదు. కూర సగం సగం పంచుకున్నట్టే పాఠాలూ పంచుకున్నాం అనుకున్నారు.

నాతోపాటు నాలాంటిదే ఇంకొకటి, వసుంధర పేరుతో, ఆ సాయంత్రమే పుట్టింది. ఇద్దరూ మమ్మల్ని పక్కపక్కన మంచం మీద పెట్టి ఫోటో తీసుకున్నారు. రెండు నెలల తర్వాత వసుంధరకు పూణేలో ఉద్యోగం వచ్చింది. నా జంట కాగితం ఆమె సంచిలో వెళ్లిపోయింది. నేను ఇక్కడే, ప్లాస్టిక్ ఫైలులో ఉండిపోయాను.

ఆ తర్వాత ఎదుటి మంచం మీదకి అమ్మాయిలు వచ్చారు, వెళ్లారు. ఒకామె చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఎప్పుడూ తీసేది కాదు. ఒకామె తలుపు వేయమనడానికి తప్ప నోరు విప్పేది కాదు. మొదట్లో వసుంధర రోజూ ఫోన్ చేసేది, తర్వాత ఆదివారాలు చేసింది, ఆ తర్వాత పండగలకు శుభాకాంక్షలు పంపింది. హైమవతి భోజనానికి కిందకి వెళ్లేటప్పుడు అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేది, వెనక ఇంకెవరో రావాలన్నట్టు.

ఏడాదిన్నర గడిచాక ఆమె ఇంకో సంస్థవారి ఆన్‌లైన్ కోర్సులో చేరింది. క్లౌడ్ టెక్నీషియన్ కోర్సు అది. ఎనిమిది సబ్జెక్టులు, ఎనిమిది నెలలు. వాటిలో నాలుగు, నా మీద ఉన్న నాలుగే. ఇదివరకే చదివినవాళ్లు మళ్ళీ చదవనక్కర్లేదని, పాత ధ్రువపత్రం చూపిస్తే ఆ క్రెడిట్లు మినహాయిస్తామని నిబంధన ఉంది. హైమవతి నన్ను కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి పంపింది. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి దమయంతి అనే ఆమె ఫోన్ చేసి, నాలుగూ మినహాయించామని, ఎనిమిది నెలల కోర్సు నాలుగు నెలల్లో అయిపోతుందని చెప్పింది. జూలైలో రుషికొండలో ఒక కంపెనీ ఈ కోర్సు చదివినవాళ్లను తీసుకుంటోంది. లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ రోజు హైమవతి నన్ను చీర చెంగుతో తుడిచింది. నా జన్మకు అదే పెద్ద సత్కారం.

రెండో వారంలోనే చిక్కొచ్చింది. రెండు నెట్‌వర్కులను కలపమని ల్యాబ్‌లో పని ఇచ్చారు. పాఠం చెప్పే ఆయన, ఇది మీకు ముందు చదివిన దానిలో వచ్చేసింది కదా అని దాటేసి వెళ్లిపోయాడు. హైమవతి ఆ వీడియో వెనక్కి తిప్పి తిప్పి నాలుగుసార్లు చూసింది. ఆయన నాలుగుసార్లూ దాటేశాడు.

మర్నాడు సాయంత్రం ఆమె వసుంధరకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి, కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది.

“వసూ, నెట్‌వర్కింగ్‌లో అడ్రసులు విడగొట్టడం ఉంది చూడు. అది ఒకసారి చెప్తావేటి?”

అవతల తలుపు వేసిన చప్పుడైంది.

“చెప్తాను గానీ హైమా, నన్ను లైనక్స్ పని నుంచి తీసేశారే. ఆ సర్టిఫికెట్ చూసే ఈమధ్య ఇచ్చారు ఆ పని. రెండు నెల్లు ఎలాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఫోన్లెత్తే సీట్లో కూర్చోబెట్టారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఏటని చెప్పను? నీ పాఠం నాకు రాదని నీకే చెప్పుకోవాలా?”

తర్వాత ఎవరో పిలుస్తున్నారని, ఆదివారం చేస్తానని వసుంధర పెట్టేసింది. ఆదివారం ఫోన్ రాలేదు. పై ఆదివారమూ రాలేదు. హైమవతి చేస్తే మోగి మోగి ఆగిపోయేది.

అప్పుడు హైమవతి సంస్థకు ఫోన్ చేసి, నెట్‌వర్కింగుకూ డేటాబేసుకూ ఇచ్చిన మినహాయింపు రద్దు చేయమని అడిగింది. దమయంతి నమ్మలేకపోయింది. పదేళ్లుగా ఆ సీట్లో ఉన్నాననీ, మినహాయింపు ఇమ్మని ఏడ్చినవాళ్లను చూశాను గానీ వద్దన్న మనిషిని చూడలేదనీ చెప్పింది. ఆమె మంచి మనిషే. గొంతు తగ్గించి ఒక సలహా కూడా ఇచ్చింది.

“మేడం, అర్జీలో కారణం జాగ్రత్తగా రాయండి. ‘మళ్ళీ చదవాలని ఆసక్తి’ అంటే చాలు. ఇంకేమైనా రాశారంటే కమిటీ మొత్తం సర్టిఫికెట్టే పక్కన పెట్టేస్తుంది.”

హైమవతి ఆసక్తి అనే రాసింది. తెర మీద ఆ మాట కేసి చాలాసేపు చూసింది. తర్వాత చెరిపేసి, ‘ఆ రెండు సబ్జెక్టులు నేను స్వయంగా చదవలేదు’ అని రాసి పంపింది. వసుంధర పేరు ఎక్కడా రాయలేదు.

దమయంతి చెప్పినంతా కమిటీ చేసింది. పది రోజులకు వచ్చిన జవాబులో, సదరు ధ్రువపత్రం మినహాయింపునకు పరిగణించబడదని ఉంది. సదరు ధ్రువపత్రాన్ని నేనే. నాలుగు సబ్జెక్టులూ మొదటినుంచి చదవాలి, తనకు బాగా వచ్చినవి కూడా. జూలై పోయింది, రుషికొండ ఉద్యోగం పోయింది. హైమవతి ఆ జవాబు చదివి కిందకి వెళ్లి అన్నం తిని వచ్చింది. వచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. నేను ఫైలులో ఉన్నాను.

అక్కడినుంచి ఆమె చదువు చూడాలి. అర్థంకాని చోటల్లా పైకి చెప్పుకునేది, ఎదుటి మంచం కేసి చూస్తూ. అప్పుడు ఆ మంచం మీదున్న ఇయర్‌ఫోన్ల అమ్మాయి మొదట తనతోనే అనుకుని ఇయర్‌ఫోన్లు తీసింది, తర్వాత కాదని తెలిసి మళ్ళీ పెట్టుకుంది. నెట్‌వర్కింగ్ పరీక్ష మొదటిసారి పోయింది. రెండోసారి నూటికి యాభై నాలుగు వచ్చాయి. నా మీద అదే సబ్జెక్టుకు ఎనభై ఎనిమిది ఉంటుంది. కానీ ఈ యాభై నాలుగును ఆమె మూడుసార్లు తెరిచి చూసుకుంది. నా ఎనభై ఎనిమిదిని అలా ఎప్పుడూ చూసుకోలేదు.

లైనక్స్ మళ్ళీ చదవాల్సి వచ్చినప్పుడు ఆమెకు పని లేకపోయింది, అంతా వచ్చిందే. అందుకని ఒక ఆదివారం ఫోన్‌లో తన గొంతుతో మొదటి పాఠం రికార్డు చేసి వసుంధరకు పంపింది. ఎలా ఉన్నావని అడగలేదు, ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడగలేదు. ఉత్త పాఠం, పన్నెండు నిమిషాలు. పై ఆదివారం రెండోది. అవతల విన్నట్టు వాట్సాప్‌లో నీలం టిక్కులు పడేవి, జవాబు వచ్చేది కాదు. పదకొండు ఆదివారాలు పంపింది. పాఠాలు అయిపోయాయి, ఆదివారాలు మళ్ళీ ఖాళీ అయ్యాయి.

కోర్సు పూర్తయి కొత్త ధ్రువపత్రం వచ్చింది. దాన్ని ఫైలులో నా ముందు పెట్టింది. ఫిబ్రవరిలో గాజువాకలో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకి మేం రెండు కాగితాలమూ వెళ్లాం గానీ నన్ను బయటికి తీయలేదు. తీయనందుకు నాకు బాధ లేదు. ఒక మనిషి తనకు రానిదాన్ని రాదని చెప్పుకోవడానికైనా నేను ఉపయోగపడ్డాను. కాగితాలకు అంత పని కూడా అరుదుగా దొరుకుతుంది.

ఉద్యోగం వచ్చింది. హాస్టల్ ఖాళీ చేసి గాజువాక వైపు గది తీసుకుంది. వెళ్లే రోజు ఉదయం ట్రంకు, పరుపుచుట్ట, రెండు సంచులు గుమ్మం దగ్గర పెట్టాక, నన్ను పైన పెట్టిన సంచి మూతి కట్టబోతుంటే ఫోన్ చిన్నగా మోగింది. చివరి పాఠం పంపిన మూడు నెలల తర్వాత వసుంధర నుంచి ఒకే ఒక్క వాక్యం. ఏడో పాఠంలో పర్మిషన్ల దగ్గర ఆగిపోయాను, అని.

హైమవతి వెంటనే ఫోన్ చేసింది. ఈసారి రెండో మోతకే ఎత్తారు. కింద ఆటో హారన్ కొట్టింది, ఇంకోసారి కొట్టింది. హైమవతి పరుపుచుట్ట మీద కూర్చుంది.

“ముందు ల్యాప్‌టాప్ తెరువు,” అంది.