బావ కళ్ళజోడు మీద తెల్లమచ్చ

ఈసారి పోయే ఉంటుంది, పోకేం చేస్తుంది, దీపాన్ని జానెడు పైకెత్తాడు కదా, అద్దం మీద పడ్డ వెలుగు గోడకు కొట్టిన బంతిలాంటిది, ఏ వాలున వెళితే ఆ వాలునే తిరిగొస్తుంది, పైనుంచి కొడితే కిందికి జారి నేల మీద పడి చస్తుంది గానీ కెమెరాలోకి ఎందుకొస్తుంది, అనుకుంటూ ఫోటోగ్రాఫరు ఎడమకన్ను మూసి కుడికన్ను కెమెరాకు ఆనించాడు, ఉంది, బావ కళ్ళజోడు మీద అక్కడే ఉంది, పాలచుక్కను వేలితో అలికినట్టు తెల్లటి మచ్చ, దాని వెనక బావ కన్ను ఉందో ఊడిపోయిందో దేవుడికే తెలియాలి, గోడవారన కూతురు చేతులు కట్టుకుని నిలబడి ఉంది, తిరిగి చూడకపోయినా ఆ చూపు మెడమీద చీమలా పాకుతోంది, నిన్న పొద్దున్నే తేల్చి చెప్పేసింది, నాన్నా, వచ్చిన ప్రతివాళ్ళ అద్దాలనూ తిట్టిపోస్తున్నావు, మచ్చ ఎక్కడుందో చూపించమంటే నామీద అరుస్తున్నావు, రేపు మామయ్య ఫోటో తియ్యి, మచ్చ లేదని నీ నోటితో నువ్వే అను, ఇంక నేను నోరెత్తను, అనలేకపోతే కెమెరా నా చేతికిచ్చి కంటి డాక్టరు దగ్గరికి నడువు, సరేనన్నాడు, రోషం కొద్దీ అన్నాడు, కన్ను పోతే ఫోటోగ్రాఫరుకు మిగిలేదేముంది, తాళంచెవి, చీపురూనూ, ఇదే గదిలో ఎంతమంది సోడాబుడ్డి అద్దాలవాళ్ళను దారికి తెచ్చాడు, ఇప్పుడీ బావ ఒక లెక్కా.

బావ ఊరుకుంటేనా, బస్సు డ్రైవర్ల సంఘం గోడకెక్కబోయే ఫోటో కదా, మెడ సారించి కూర్చుని, ఏం బామ్మర్దీ, నా అద్దాల ప్రతాపం నీకేం తెలుసు, ఒకసారి డాబా ఎక్కి నిలబడితే వీటి మెరుపు చూసి ఎదురుగా ఇంకో రైలొస్తోందనుకుని రైలు డ్రైవరు బండి ఆపేశాడు, ప్రయాణికులంతా దిగొచ్చి నా గెడ్డం పట్టుకు బతిమాలితే గానీ నేను అద్దాలు తియ్యలేదు, కదలకు బావా, నేను కదిలితే కదయ్యా ఆ రైలు కదిలింది, కాసేపు నోరు కూడా ముయ్యి బావా, కూతురు కిసుక్కుమంది, తనకు నవ్వు రాలేదు, గెడ్డం దించమన్నాడు, మచ్చ ఉంది, బావ వెనక్కి వెళ్ళి చెవుల మీద కాడలు కొద్దిగా లేపాడు, అద్దాలు నేలచూపు చూస్తే వెలుగు తిరిగిరాదు, ఇది ఎప్పుడూ మోసం చెయ్యని ఉపాయం, చేసింది, దీపాన్ని పక్కకు లాగాడు, కిటికీ తెర మూశాడు, చెమట కనురెప్ప మీద జారింది, ఇంకా ఎన్నిసార్లు నాన్నా అంది కూతురు, ఆ గొంతులో వెక్కిరింత ఉన్నా బాగుండేది, జాలి ఉంది, అది చాలదన్నట్టు మచ్చ ఇంకాస్త ఒళ్ళు చేసినట్టుంది.

అప్పుడు బావకు కన్ను దురద పెట్టిందేమో, చిటికెనవేలు పైకెత్తి, నేరుగా ఆ తెల్లమచ్చలోకి దూర్చి, కనురెప్ప గోక్కున్నాడు.

వేలు దేనికీ తగల్లేదు, బావా, అద్దాలేవి, బావ నాలిక్కరుచుకున్నాడు, అదీ, అమ్మాయి పందెం సంగతి ఫోన్లో చెప్పింది, నువ్వు ఓడిపోతే నేను చూడలేనయ్యా, అందుకని కళ్ళజోళ్ళ కొట్లో ఊడదీయించుకొచ్చాను, ఇంక మెరవడానికేముంది, తియ్యవేం ఫోటో, అంటున్నాడు, అద్దాలు లేకపోతే ఎదురుగా ఏనుగొచ్చినా ఎవరండీ తమరు అని అడిగే మనిషి, తనను గెలిపించడానికి ఇంతసేపూ గుడ్డిగా కూర్చున్నాడు, ఫోటోగ్రాఫరు కెమెరా పక్కకు తలవాల్చి కుడికన్ను మూసి ఎడమకన్ను తెరిచాడు, ఖాళీ చట్రంలో బావ కళ్ళు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, దీపాన్నే బామ్మర్దనుకుని దానివంక ప్రేమగా చూస్తున్నాయి, ఎడమకన్ను మూసి కుడికన్ను తెరిచాడు, పాలు ఒలికాయి, గోడను చూస్తే మచ్చ గోడ మీదికెక్కింది, చిన్నప్పటినుంచీ కళ్ళజోడు ఎరగని కూతురివైపు తిరిగితే వచ్చి ఆ పిల్ల ముఖం మీద కూర్చుంది, పాపం ఎంతమందిని కసిరాడు, తల వంచండి, తిప్పండి, మీ అద్దాలు పాడుగాను, వాళ్ళంతా చెప్పినట్టల్లా వంగారు, తిరిగారు, మచ్చ మాత్రం తను ఎటు చూస్తే అటు వచ్చింది, దీపాన్ని ఇంక ఎటూ జరపక్కర్లేదు, బావ గెడ్డం ఇంక దించక్కర్లేదు, ఈ గదిలో జరగాల్సింది ఒక్కటే మిగిలింది, కెమెరా వెనక నిలబడ్డ తను.