ఆఖరి మూడు సెకన్లు

వేలం ముగియడానికి పదకొండు నిమిషాలుందనగా తమ్ముడు బావ కాలరు పట్టుకున్నాడు.

"నువ్వే బావా. నాలుగుసార్లు అక్క నోటిదగ్గర కూడు లాగేసింది నువ్వే."

"కాలరు వదులు. ఇస్త్రీ చేసుకున్నది నేను, నువ్వు కాదు," అన్నాడు బావ. "కొట్టు అమ్ముడుపోతే సగం వాటా ఎవడి జేబులోకి వెళ్తుందో ఈ వీధిలో అందరికీ తెలుసు. ఆ జేబున్నవాడు నన్ను దొంగంటున్నాడు."

"నీకేం తక్కువ? కొట్టు పోతే అక్కని లాక్కుని మీ ఊరెళ్ళిపోదామని పెళ్ళయిన రోజు నుంచీ చూస్తున్నావు."

"అవును, చూస్తున్నాను. ఈ టిక్కుటిక్కులు వినీవినీ నాకు పిచ్చెక్కుతోంది. అయితే దొంగనా?"

ఆమె బల్ల మీంచి తలెత్తింది. కుడికంట్లో నల్లగొట్టం బిగించుకుని పొద్దస్తమానం వాచీల పొట్టల్లోకి చూస్తూ ఉంటుందని ఆమెకు వీధి వీధంతా భూతద్దం అని పేరు పెట్టింది. ఇంట్లోవాళ్ళకీ అదే అలవాటైంది.

"ఇద్దరూ బయటికి నడవండి," అంది.

"అది కాదక్కా..."

"ఏవండీ, మీరు మేడ మీదకి వెళ్ళండి. ఒరేయ్, నువ్వు రోడ్డు మీదకి పో. పదకొండున్నర దాకా ఎవరి మొహమూ నాకు కనపడకూడదు."

భర్త కాలరు సర్దుకుంటూ మెట్లెక్కాడు. తమ్ముడు గాజుతలుపు దడాలున వేసి, ఎదురుగా ఆపిన మోటారుసైకిలు మీద కూర్చుని ఫోను తీశాడు. మేడ మీద కుర్చీ కిర్రుమంది. అక్కడా ఓ ఫోను ఉంది. నాన్న పదకొండింటికే పక్కనున్న సెల్లు కొట్టుకి వెళ్ళాడు. అక్కడి ఫ్యాను గాలి బాగా తగులుతుందని రోజూ ఆ వేళకి అక్కడే కూర్చుంటాడు. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను.

భూతద్దం కంప్యూటరు ముందుకి జరిగింది. తెర మీద చెక్క సొరుగు బొమ్మ. సొరుగు నిండా పద్నాలుగు ఇత్తడి పళ్ళచక్రాలు.

వెనకగోడ పొడుగునా పన్నెండు పెద్ద గడియారాలు బారుగా నిలబడి ఉన్నాయి. రైల్వే స్టేషనువి. ఒక్కోటి ఒక్కో టైము దగ్గర ఆగిపోయింది. మిగతా పనంతా ఆమె మూడు వారాల్లో చేసేసింది. కానీ లోలకాన్ని టిక్కుమనిపించే పళ్ళచక్రం పన్నెండింటిలోనూ అరిగిపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత సామాన్లు అమ్మే ఆన్‌లైన్ వేలంలో తప్ప ఆ చక్రం ఎక్కడా దొరకదు.

ఆ పని ఒప్పుకున్న రోజు నాన్న అన్నం కలుపుకుంటూ అందరి ముందూ చెప్పాడు. "నెలాఖరుకి పన్నెండూ నడిపించు, కొట్టు నీ పేర రాసేస్తాను. ఒక్కటి నడవకపోయినా పక్కాయనకి అమ్మేస్తాను. గోడ పగలగొట్టి సెల్లు కొట్టు పెద్దది చేసుకుంటాడట. చేసుకోనీ."

నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులు. ఆ కొట్టు తప్ప ఆమెకు వేరే పని రాదు, వేరే చోటు తెలియదు. పన్నెండో ఏట ఆ బల్ల ముందు కూర్చుంది. ఇప్పుడు ముప్ఫై నాలుగు.

ఈ నెలలో ఆ చక్రాలు నాలుగుసార్లు వేలానికి వచ్చాయి. నాలుగుసార్లూ చేజారాయి. ఆ సైటులో ఎవరైనా తాము ఎంతదాకా పాడగలరో ఆ పైమొత్తం ముందే రాసి దాచుకోవచ్చు. పోటీ వచ్చినకొద్దీ సైటే వాళ్ళ తరఫున కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతుంది. అందుకే తెలివైనవాళ్ళు ముందుగా బయటపడరు. ఆఖరి క్షణం దాకా ఊరుకుని, అవతలివాడికి ఆలోచించే వ్యవధి లేకుండా పాట పాడతారు. ఆమె కూడా అంతే, పది సెకన్లుందనగా పాడేది. మూడు సెకన్లుందనగా మరొకడు పాడేవాడు. వాడు సైటులో పెట్టుకున్న పేరు ఆఖరిమెట్టు. మనిషెవరో తెలియదు. కానీ వేలం ముగిశాక సైటు అందరి పైమొత్తాలూ చూపిస్తుంది, వాటిలో వాడిది ప్రతిసారీ ఆమెదానికి సరిగ్గా అయిదువందలు ఎక్కువ.

తన పైమొత్తం ఎంతో ఆమె రాత్రి భోజనాల దగ్గర తప్ప ఎక్కడా అనలేదు. అక్కడ కూర్చునేది నలుగురు.

నాలుగోసారి ఓడిపోయాక ఆమె పాత వేలాల చిట్టా తీసి చూసింది. ఎవరెప్పుడు పాడారో అందులో సెకన్లతో సహా ఉంటుంది. ఆఖరిమెట్టు నాలుగుసార్లూ ముగింపుకి మూడు సెకన్ల ముందే పాడాడు. రెండు కాదు, నాలుగు కాదు. ఆ సైటు ఆఖరి నిమిషంలో సెకన్లు చూపించదు. 'నిమిషంలోపే' అని మాత్రం రాస్తుంది. అంటే వాడు వేరే గడియారం చూసి పాడుతున్నాడు, అదీ సెకను తేడా రాని గడియారం.

అలాంటివి వీధి మొత్తంలో కొట్టు పక్కగోడకి వేలాడే సొంత పెద్ద గడియారం, దాన్ని చూసి పెట్టిన మూడు చేతి వాచీలు. రోజూ పొద్దున కాఫీల వేళ ఇంట్లో మగవాళ్ళు ముగ్గురూ వాచీలు విప్పి రేకు పళ్ళెంలో పెడతారు. ఆమె పెద్ద గడియారాన్ని రేడియో బీప్‌లతో సరిచూసి, ఆ మూడింటికీ టైము పెడుతుంది. వాచీల కొట్టువాడు తప్పు టైము చేతికి కట్టుకుని తిరిగితే సిగ్గుచేటని నాన్న పెట్టిన నియమం. ఫోనులో టైము చూసుకోవడం ఆ ఇంట్లో తిట్టు కిందే లెక్క. అల్లుడై వచ్చినవాడికి కూడా ఏడాది తిరక్కుండా అదే జబ్బు అంటుకుంది.

ఇవాళ పొద్దున ఆమె ఆ మూడు వాచీలకూ తప్పు టైము పెట్టింది.

భర్త వాచీని అరవై సెకన్లు ముందుకు పెట్టింది. తమ్ముడిది నలభై. నాన్న వాచీ దగ్గర చెయ్యి ఆగింది. తనకు పని నేర్పినవాడి వాచీ అది. వదిలేద్దామనుకుంది. వదిలేస్తే రేపు ఆ ఇద్దరూ ఒంటికాలి మీద లేస్తారని దాన్నీ ఇరవై సెకన్లు జరిపింది. జరుపుతున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడి కాఫీ ఊదుకుంటున్నాడు. ఆమె చేతివైపు చూడను కూడా చూడలేదు.

ఇంకో అబద్ధం రాత్రే ఆడింది. పద్దెనిమిది వేలు దాటి పాడలేనంది. మెకానిక్ దగ్గర ఉందని చెప్పిన స్కూటరు నిజానికి అమ్ముడుపోయింది. చేతిలో ఇరవైమూడు వేలున్నాయి.

పదకొండూ ఇరవై ఎనిమిది దాటింది. తెర మీద పాట పదకొండు వేల దగ్గర నిలబడి ఉంది. ఎవరో దూరపు ఊరి మనిషి. ఆమె కంట్లోంచి నల్లగొట్టం తీసి పక్కన పెట్టి పెద్ద గడియారం వైపు తిరిగింది. వాడు ఎప్పటిలాగే మూడు సెకన్లు మిగిల్చి పాడితే, భర్త అయితే నిమిషం మీద మూడు సెకన్లుందనగా పాట పడాలి. ఆ పాట పడాలని కోరుకుంటోందో పడకూడదని కోరుకుంటోందో ఆమెకే తెలియలేదు.

ముల్లు ఆ గీత దాటింది. తెర కదల్లేదు. మేడ మీద కుర్చీ మళ్ళీ కిర్రుమంది. అంతే.

'నిమిషంలోపే' అని వచ్చింది.

భూతద్దం గాజుతలుపులోంచి చూసింది. తమ్ముడు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని బొటనవేలు ఆడిస్తున్నాడు. నువ్వేనట్రా, అనుకుంది. చిన్నప్పుడు నా పలకలు కూడా నువ్వే పగలగొట్టేవాడివి. యాభై సెకన్లు. నలభై అయిదు. తమ్ముడు బొటనవేలు ఆపాడు. నలభైమూడు.

ఏమీ జరగలేదు. తమ్ముడు ఫోను జేబులో పెట్టుకుని ఆవలించాడు.

ఆమెకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. దొంగ ఇంట్లోవాడు కాదు. ఊరికే ఇంటిల్లిపాదినీ అనుమానించింది. పది సెకన్లుందనగా మొత్తం ఇరవైమూడు వేలూ పాడేద్దామని వేళ్ళు సిద్ధం చేసుకుంది.

సరిగ్గా ఇరవైమూడు సెకన్లుందనగా తెర మీద అంకె మారింది.

ఆఖరిమెట్టు.

ఆమె కదల్లేకపోయింది. పెద్ద గడియారం మూడు టిక్కులు కొట్టింది. నాలుగోదానికి వేళ్ళు వాటంతటవే అంకెలు కొట్టాయి. రెండు, మూడు, సున్నా, సున్నా, సున్నా. పాట పద్దెనిమిదిన్నర వేలకి ఎగిరి, దాన్ని దాటి పందొమ్మిది దగ్గర ఆమె పేరు మీద ఆగింది. అవతలివాడు రాసుకున్న పైమొత్తం ఆమె చెప్పిన అబద్ధానికి అయిదువందలు ఎక్కువ. వాడు ఆ అబద్ధం విన్నవాడే.

పది సెకన్లు. ఏడు. అవతలినుంచి మళ్ళీ పాట రాలేదు. అవతలివాడి చేతి మీద పదకొండున్నర ఎప్పుడో దాటిపోయింది. వేలం ముగిసింది, గెలిచాననుకుని తెర వైపు మళ్ళీ చూడకుండానే లేచి ఉంటాడు.

'ఈ వస్తువు మీదే' అని వచ్చింది.

ముందు తమ్ముడు తలుపు తోసుకుని వచ్చాడు. వెనకే భర్త రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"మరి అలా ఉన్నావేమే మొహం మాడ్చుకుని?" అన్నాడు భర్త. "దొరికాడా వాడు?"

"వాచీలు ఇలా పెట్టండి." ఆమె రేకు పళ్ళెం ముందుకు తోసింది. "ఇద్దరూ."

వాళ్ళు విప్పి పెట్టారు. ఆమె పెద్ద గడియారం చూపించింది. తమ్ముడు తన వాచీ చూశాడు, బావ వాచీ చూశాడు, మళ్ళీ గోడ వైపు చూశాడు.

"నాది నలభై ముందుంది. బావది నిమిషం. అక్కా, నీ చెయ్యి వంకరపోతోందా?"

"కావాలనే పెట్టాను. మీరిద్దరూ కాదని ఇప్పుడే తేలింది."

"అంటే మొగుడి చేతికి దొంగ టైము కట్టి పంపావన్నమాట," అన్నాడు భర్త.

"పంపాను. రేపు తిట్టుకోండి."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. నాన్న లోపలికి వచ్చాడు. ఆయన వెనక సెల్లు కొట్టాయన గుమ్మం దాకా వచ్చి, లోపలివాళ్ళ మొహాలు చూసి, ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు.

"పోయిందా?" అన్నాడు నాన్న. తన కుర్చీలో కూర్చుంటూ అన్నాడు. ఆ గొంతులో దిగులు చక్కగా అమిరింది.

"లేదు. వచ్చింది."

నాన్న చెయ్యి కుర్చీ మీద ఆగిపోయింది. "మంచిదే. మరి ఆ దొంగ వెధవ?"

"పక్క కొట్టులో కూర్చుని పాడాడు. ఆయన కంప్యూటరు మీద, ఆయన చేత కొట్టించి."

"అదా సంగతి అక్కా," అని తమ్ముడు గుమ్మం వైపు దూకాడు. "ఆ సెల్లుగాడి పళ్ళు రాలగొట్టి వస్తా."

"కూర్చోరా. ఆయనకి మన అన్నాల దగ్గర మాట ఎలా తెలుస్తుంది?"

తమ్ముడు నిలబడిపోయాడు.

భూతద్దం లేచి వెనకగోడ దగ్గరికి వెళ్ళింది. చివరి గడియారాన్ని వెనక్కి తిప్పింది. లోపలి రేకు మీద పెన్సిలు గీతలు. మొదటి రోజే చూసింది, అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు పైకి చదివింది.

"'పరీక్షించాను. ఇది ఇక ఎవరి వల్లా నడవదు.' కింద పొడి అక్షరాల సంతకం. పన్నెండింటి మీదా ఇదే రాసుంది. పాతికేళ్ళ కిందటి తేదీ, నేనింకా ఈ బల్ల ముందు కూర్చోని రోజులు. స్టేషనువాళ్ళు అప్పుడూ మన దగ్గరికే తెచ్చారన్నమాట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు."

భర్త మావగారి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఎవరి వల్లా నడవదని సంతకం పెట్టినవాడు," అంది ఆమె, "అవి కూతురి చేతిలో నడుస్తుంటే చూడలేకపోయాడు. కొట్టు అమ్ముకోవడానికైనా సిద్ధపడ్డాడు గాని, నడవడానికి ఒప్పుకోలేదు."

"ఏంటే ఆ వాగుడు," అన్నాడు నాన్న. "మగాళ్ళని నిలబెట్టి కథలు చెబుతున్నావు. చేసింది ఎవడో పేరు చెప్పు. చెప్పలేకపోతే నోరు మూసుకుని పని చూసుకో."

ఆమె రేకు పళ్ళెం తెచ్చి ఆయన ముందు పట్టుకుంది.

"నీ వాచీ పెట్టు."

"నా వాచీతో నీకేం పని?"

"పొద్దున నేనే పెట్టాను. సరిగ్గా ఉందో లేదో చూద్దాం."

ఆయన మణికట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత గోడ మీద పెద్ద గడియారం వైపు. ఆ రెండింటి మధ్యా కళ్ళు రెండుసార్లు తిరిగాయి. నలభై ఏళ్ళుగా సెకన్లు లెక్కపెట్టిన మనిషికి మూడోసారి చూడాల్సిన పని లేదు.

"ఇరవై ముందుంది," అన్నాడు మెల్లగా. "నువ్వు పెట్టిన టైమని నమ్మాను."

"నేనూ నీ మాట అలాగే నమ్మాను."

భర్త గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ ఆఖరిమెట్టు ఎవరో నోరు విప్పి చెప్పవే. మా ఇద్దరినీ ఇన్నాళ్ళూ దొంగల్లా చూశావు. మా ముందే చెప్పు."

ఆమె పళ్ళెం దించలేదు.

"నాన్న," అంది. "ఆఖరిమెట్టు మా నాన్న."