బరువు వేసి చూసిన బండి

పోలేరయ్య ఎడమకాల్లో టేకు చేప తోకలోని విషపు ముల్లు దిగి ఏడాది దాటింది. గాయం మానింది గానీ, కాలు మాత్రం మునుపటి కాలు కాలేదు. ఆ సంగతి సరస్సు ఒడ్డున ఉన్న తమ జాలరి కుప్పంలో ఎవరికీ తెలియదని అతను అనుకుంటున్నాడు. పెళ్ళాం సుభాషిణికి కూడా తెలియదనే అనుకుంటున్నాడు.

ఆమెకు రోజూ తెల్లారేసరికి తెలుస్తూనే ఉంది. రొయ్యలూ పీతలూ ఐసు పెట్టెలో సర్ది మోటారుబండి వెనక కట్టాక, అతను కిక్కు కొట్టడానికి ఎడమకాలి మీద నిలబడతాడు. పళ్ళు బిగుస్తాయి. అప్పుడామె ఏమీ గమనించనట్టు కొంగు సర్దుకుంటూ సరస్సు వైపు చూస్తుంది. ఆ పెట్టెతో, వెనక తనతో, చిట్టమూరు పల్లెలన్నీ తిరగాలి. వీధికో చోట ఆపాలి. ఆపిన ప్రతిసారీ ఆ కాలే నేలమీద ఆనాలి. ఏదో ఒక రోజు ఆనదు. ఆ వేళకు పక్కన లారీ వస్తుంటే? అదే ఆమె భయం.

ఉప్పునీళ్ళు కారి కారి బండి చట్రం తుప్పుపట్టి విరిగింది. కొత్తది కొనడానికి ఇద్దరూ నాయుడుపేట బయల్దేరారు. సుభాషిణి ఖాళీ ఐసు పెట్టె, తాడు కూడా బస్సులో వేయించింది.

“పెట్టె యాలమే? బండి కొనేదానికి పోతా ఉండామా, చేపలమ్మేదానికా?”

“ఉండనీ మామా. అదేమన్నా నిన్ను కూడు అడగతాదా?”

షోరూములో ప్రత్యూష అనే అమ్మాయి రెండు బండ్లు చూపించింది. పేరు ఒకటే. ఒకటి పోయినేడు వచ్చింది, ఇంకొకటి ఈ ఏడు వచ్చింది. పోయినేటిదానికి కిక్కూ ఉంది, బటనూ ఉంది. ఈ ఏటిదానికి కిక్కు తీసేశారు, సీటు బెత్తెడు కిందికి దించారు.

“పోయినేటిదే ఇయ్యమ్మా,” అన్నాడు పోలేరయ్య వెంటనే. “మాది ఉప్పుగాలి. బ్యాటరీ పోయిందంటే కిక్కు లేకండా ఎట్టా? సరుకంతా నడిరోడ్డు మీద కుళ్ళిపోవాల్సిందే.”

మాట నిజమే. దాని వెనక ఇంకోటి ఉందని సుభాషిణికి తెలుసు. పక్కింటి పెద్దాయన కిక్కు కొట్టలేక స్కూటీ కొంటే, ఆమె తమ్ముడు సుబ్బు “కాళ్ళు పోయినోళ్ళ బండి” అని ఎగతాళి చేశాడు. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది పోలేరయ్యే.

“మామా, పడవ కొనేటప్పుడు ఏం జేస్తాం?”

“నలుగుర్ని ఎక్కించి, ఇసక మూటలేసి, ఎంత దిగతాదో చూస్తాం. దానికేమి?”

“బండికి మాత్రం చూడొద్దా?”

ప్రత్యూష నవ్వింది. “బండిని నీళ్ళలో దించుతావా అక్కా?”

“పెట్టెలో నీళ్ళు పోస్తా తల్లీ. కుళాయి యాడుండాదో చూపీ.”

నిండు పెట్టె వెనక కట్టి, మధ్యలో ఆమె పక్కకు తిరిగి కూర్చుంది. ముందు పోయినేటి బండి. పోలేరయ్య ఆవరణంతా హాయిగా తిప్పాడు. ఆపి ఎడమకాలు కింద పెట్టాడు. పెట్టెలో నీళ్ళు ఒక పక్కకు తొణికాయి. మోకాలు మడత పడింది. బండి ఒరిగింది. సుభాషిణి దూకి పెట్టెకు భుజం ఆనించింది. నీళ్ళు నెత్తిన పడ్డాయి.

షోరూము వాళ్ళు పరిగెత్తుకొచ్చేలోపే ఆమె మాట అందుకుంది.

“ఏం ఎత్తు తల్లీ ఇది! పొట్టిదాన్ని, నాకు నేల అందక కదిలినా. ఇద్దరం పడుండేవాళ్ళం. నాకీ బండొద్దు మామా.”

పోలేరయ్య ఆమె తడిసిన మొహం వంక చూశాడు. పెట్టె విప్పి, మళ్ళీ నీళ్ళు నింపి, రెండో బండికి కట్టాడు.

ఈ ఏటి బండి మీద అతని రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. నీళ్ళు తొణికినా బండి కదల్లేదు.

“మరి బ్యాటరీ?” అన్నాడు మెల్లగా.

“పెట్టె కింద టార్పాలిన్ కుట్టి కడతా. చుక్క కారనీను.”

సాయంత్రం కుప్పంలో బండి చుట్టూ జనం మూగారు. సుబ్బు అటూ ఇటూ వంగి చూశాడు.

“ఏంది బావా, కిక్కేదీ?”

“నాకు ఎత్తు అందలేదురా, అందుకని...” అంటోంది సుభాషిణి.

“మీ అక్కకి అందింది రా,” అన్నాడు పోలేరయ్య. “ఆనలేనిది నా కాలే. టేకు ముల్లు దిగిన కాలు. బరువేస్తే నిలవడంలా.”

ఎవరూ నవ్వలేదు. సుబ్బు పెట్టె దగ్గరికి వచ్చాడు.

“పెట్టె నువ్వు దించబాక బావా,” అని తాడు విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు తెల్లవారుజామున పోలేరయ్య బండి మీద కూర్చునే ఉండి బటను నొక్కాడు. సుభాషిణి ఆ రోజు సరస్సు వైపు చూడలేదు.