గడ్డి చల్లే పని

వినీల టీ గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చి చూసింది. లాప్‌టాప్ తెర మీద, రేవుకి దిగే దారి నిండా బండరాళ్లు.

తన తప్పే. ఓ గేముల కంపెనీకి ఇంటి నుంచే ఊళ్ల మ్యాపులు చేస్తుందామె. ఇళ్లూ దారులూ చేత్తో పెడుతుంది. గడ్డి, రాళ్లు, కోళ్లు, కుండలు లాంటి వెనకాల సరంజామాని బటన్ నొక్కితే ఎడిటర్ సాఫ్ట్‌వేరే తోచినచోట చల్లేస్తుంది. ఎక్కడ పడకూడదో ముందే గీత గీసి చెప్పాలి. ఆ గీత గీస్తుంటే అత్తగారు ఏసమ్మ ప్రార్థనకొచ్చినవాళ్లకి గ్లాసులు చాలలేదని పిలిచింది. సగం గీతతోనే నొక్కేసి పరిగెత్తింది, ఏం చేస్తుంది మరి. గంటలో కంపెనీవాళ్లు ఈ మ్యాపు చూస్తారు. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఈ నెలతో సరి.

గీత సరిచేసి మళ్లీ నొక్కడం నిమిషం పని. ఆ తరవాత ఊళ్లో ప్రతి సందూ నడిచి చూసుకోవాలి. ఎక్కడో ఓ కుండ గుమ్మానికి అడ్డంపడే ఉంటుంది. ఆ నడకే గంట పడుతుంది, అదెవరికీ కనపడదు. "బటన్ నొక్కితే అదే పడిపోద్దన్నావుగా, ఇంక నీకేం పని?" అన్నాడు పొద్దున్న మొగుడు విజయ్ పాల్. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా, ఇవాళ రెండో శనివారం సెలవు. మా ఆవిడ కంప్యూటర్లో గడ్డి చల్లుతుందండీ అని చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తాడు. వాళ్లతోపాటు తనూ నవ్వేది. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండింది.

మళ్లీ నొక్కి మొదటి సందులో నడిచింది. ఆ సరంజామాలో కోళ్ల పక్కనే అంట్లు తోముకునే ఆడమనిషి బొమ్మ కూడా ఉంది. ఎడిటర్ ఆమెని ఊరంతా చల్లింది. గేము ఆడేవాళ్ల చూపు వీటిమీద ఆగకూడదని కంపెనీ మాట. ఇవాళ వినీల చూపు ఆగిపోయింది.

"టీ ఏమైందమ్మా?" హాల్లోంచి ఏసమ్మ.

వెళ్లి పొయ్యి ఆపింది. హాల్లో ఇంటి ప్రార్థన కూటం, ఒక్కొక్కరూ తమ ప్రార్థన అంశాలు చెబుతున్నారు. ఏసమ్మ కొడుకు ప్రమోషనూ, తన మోకాళ్లూ చెప్పింది. పెళ్లయినప్పటినుంచీ వినీల ఇవన్నీ వంటింటి గుమ్మంలో నిలబడే వింటోంది. నీదేంటని ఎవరూ అడగలేదు.

వెళ్లి చాప మీద కూర్చుంది.

"నాదీ ఒక అంశం ఉందండి, పాస్టరుగారూ. గంటలో నా ఉద్యోగం తేలిపోద్ది. దానికోసం ప్రార్థన చెయ్యండి. అప్పటిదాకా నేను గది తలుపు తియ్యనండి. టీ కాగింది. ఆయన పోసిస్తారు."

సోఫాలో విజయ్ పాల్ కాలు మీద వేసుకున్న కాలు దించాడు. ఏసమ్మ ఏదో అనబోయింది. ఈలోగా పాస్టరుగారు మన సహోదరి వినీల పని నిమిత్తం అంటూ మొదలుపెట్టేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. విజయ్ పాల్ ఒక్కడే కళ్లు తెరుచుకుని వంటింటివైపు చూస్తున్నాడు.

వినీల గడియ పెట్టుకుని రెండో సందులోకి నడిచింది.