రెండో బటన్

ఐటీఐలో గంట కొట్టగానే రేకులు కోసే ప్రెస్ రూముకి అందరికంటే ముందు వచ్చేవి మేడమ్ వేళ్ళే. చూపుడు వేలూ, మధ్య వేలూ. ఇరవై రెండేళ్ళ కిందట, ఆవిడ ఇక్కడే చదువుకునేటప్పుడు, ఇదే మిషన్ తెంపేసింది వాటిని. రాత్రిళ్ళు మేడమ్ బల్ల సొరుగులో పడుకుంటాయి. పొద్దున్నే పాక్కుంటూ వెళ్ళి కిటికీ గట్టెక్కి కూర్చుంటాయి. ఊడ్చే ఆవిడ "కాస్త జరగండమ్మా" అని గట్టు తుడుచుకుని పోతుంది. మిగిలిన మూడు వేళ్ళతో మేడమ్ హాజరేస్తుంది.

ఆ మిషన్‌కి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న అచ్చు ధన్‌మని దిగి రేకుని మూతలుగా కోస్తుంది. చేతులు బయటే ఉండాలని ఆ ఏర్పాటు. పిల్లలేమో ఎడమ బటన్‌ని నొక్కిపెట్టి టేపు చుట్టేస్తారు. ఒక చేత్తో రేకు తోస్తూ ఇంకో చేత్తో నొక్కితే పని చకచకా అవుతుందని.

ఆ రోజూ టేపుంది. మేడమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరి పనే ఇది?"

"నేనే మేడమ్," అంది అందరూ 'తొందర' అని పిలిచే అమ్మాయి. "రెండు చేతులూ బటన్ల మీదుంటే రేకెవరు పెడతారు, మా అత్తయ్యా?"

క్లాసంతా గొల్లుమంది. మేడమ్ టేపు పీకి పారేసింది.

"నీకు చెప్పేకంటే ఈ గోడకి చెప్పడం నయం. గోడ కనీసం ఇకిలించదు."

"ప్రిన్సిపాల్ గారే వేసుకోమన్నారు మేడమ్."

మేడమ్ విసవిసా ఆయన గదికి వెళ్ళింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు.

"శుక్రవారం పైవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. కోసిన మూతలు గుట్టగా కనబడాలి. మీరు చూసీ చూడనట్టు పొండి."

"మా అప్పటి సారూ ఇలాగే చూసీ చూడకుండా ఉన్నాడు." ఆయన కాగితాల మీద తన మొండిచెయ్యి ఠపీమని పెట్టింది. "దీన్నైనా చూడండి!"

"పాత సంగతులెందుకు మేడమ్ ఇప్పుడు..."

తలుపు దడాలున వేసి వచ్చేసింది.

ప్రెస్ రూములో మిషన్‌కి రేకు ఇరుక్కుని ఉంది. బటన్ మీద మళ్ళీ టేపు. ఇరుక్కున్న రేకుని తీయబోయి తొందర ఎడమ చెయ్యి అచ్చు కింద పెట్టింది. అలవాటుకొద్దీ కుడి చెయ్యి బటన్ నొక్కేసింది. అచ్చు దిగలేదు. టేపు వేసిన బటన్ కిందకి మేడమ్ వేళ్ళు రెండూ దూరి, నీలంగా కమిలిపోయి, దాన్ని పైకి ఎత్తిపట్టుకున్నాయి.

మేడమ్ మెయిన్ స్విచ్ ఆపేసింది.

"తియ్యి చెయ్యి. లెక్కపెట్టు."

"ఒకటి... రెండు..." అమ్మాయి ఒక్కో వేలూ ముట్టుకుంటూ పోయింది. "ఐదు మేడమ్."

"గట్టిగా!"

"ఐదు!"

తొందర తనే టేపు ఊడదీసింది. నలిగిన వేళ్ళని అరచేతిలోకి తీసుకుంది. మొదటిసారి, తొందర లేకుండా.

"నొప్పెడుతోందా మేడమ్? క్షమించండి. ఏడవకండి."

"ఏడుపు కాదే, ఒళ్ళుమంట," అంది మేడమ్. "నా వేళ్ళు పోయిన రోజున ఆ బటన్ కింద ఎవరి వేళ్ళూ లేవు."