ఇయర్‌ఫోన్‌లో ఇల్లాలు

"ఏమోయ్, పంపిన మెయిళ్ళన్నీ వెనక్కొచ్చేస్తున్నాయి. కొంప మునిగింది" అన్నాడు మొగుడు, హలో అని కూడా అనకుండా.

ఆమె అప్పటికి స్టవ్ మీద పాలు పెట్టి, అత్తగారి మాత్రలు డబ్బాలోంచి ఏరుతోంది. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. "మీ ఆయన రోజుకెన్నిసార్లు ఫోన్ చేస్తాడమ్మా! పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ముచ్చట తీరలేదు. మా ఆయనా ఉన్నాడు, ఎందుకూ? నేను చేస్తే మీటింగ్‌లో ఉన్నానని పెట్టేస్తాడు" అంటుంది పక్కింటావిడ. అత్తగారిది ఇంకో పాట. "పొద్దస్తమానం ఆ ఫోన్లో గుసగుసలేమిటో, వాణ్ణి ఆఫీసులో పని చేసుకోనివ్వదు." ఇద్దరికీ ఆమె ఒకటే నవ్వు నవ్వి ఊరుకుంటుంది. ఏమని చెబుతుంది? అవి ప్రేమ ఫోన్లు కావనీ, మీ అబ్బాయి ఉద్యోగం నేనే చేస్తున్నాననీ చెబితే నమ్మేదెవరు?

"తిరిగొచ్చిన దాంట్లో ఏం రాసుందో చదవండి."

"డెలివరీ ఫెయిల్డ్ అని."

"అది పైన. కింద సన్నక్షరాల్లో ఉంటుంది, అది చదవండి."

ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. మీ సర్వర్ బ్లాక్‌లిస్ట్‌లో ఉంది, మీ దగ్గర్నుంచి మెయిల్ తీసుకోం అని దాని సారాంశం. ఆమె చేతిలో మాత్ర చేతిలోనే ఉండిపోయింది.

"రిలే ఎవరికి తెరిచారు?"

అవతల కీబోర్డు టకటకమంది.

"ఏవండీ, మిమ్మల్నే."

"పోయిన వారం కొత్త బ్రాంచ్ వాళ్ళ మెయిళ్ళు పోవట్లేదన్నారు. నువ్వేమో పాపకి జ్వరమని హాస్పిటల్లో కూర్చుని ఫోన్ ఎత్తలేదాయె. ఆ ఒక్క అడ్రస్సూ ఎలా చేర్చాలో గుర్తురాలేదు. అందరికీ తెరిచేశా."

ఎవరి మెయిల్ మోసుకెళ్ళి బయటికి అందించాలో సర్వర్‌కి చెప్పే చోటు ఆ రిలే. అక్కడ అందరికీ అని పెట్టడమంటే, దారిన పోయే ప్రతి దొంగ మూటా నెత్తికెత్తుకోమని చెప్పడమే. ఎక్కడెక్కడి మోసగాళ్ళో వాసన పట్టి వచ్చి, ఆయన పనిచేసే సరుకు రవాణా కంపెనీ పేరు మీద ఊరూ పేరూ లేని చెత్తంతా ప్రపంచమ్మీదకి వదిలారు. లోకం తలుపులు మూసేసింది. అయినా తప్పెవరిదయిందో చూడండి! ఫోన్ ఎత్తలేదు కదా, ఆవిడదే. పాలు కూడా అదే సమయం చూసుకుని పొంగాయి. "మనసు పెట్టి చేస్తే కదా" అంది అత్తగారు గదిలోంచి, మాడు వాసనకే సంగతి గ్రహించి.

మొగుడూ పెళ్ళాలిద్దరూ కంప్యూటర్ల చదువు ఒకే క్లాసులో చదివారు. పరీక్షల ముందు ఆయనకి పాఠాలు చెప్పింది ఆమే. ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి. పాప పుట్టింది, అత్తగారి తుంటి విరిగింది. "ఎవరో ఒకరు మానక తప్పదు కదా" అన్నాడాయన. ఆ ఒకరెవరని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె కూడా. ఆ తర్వాత ఆయన ఈ కంపెనీలో చేరాడు. మెయిల్ సర్వర్ పెట్టమంటే నోరెండిపోయి లాప్‌టాప్ ఇంటికి పట్టుకొచ్చాడు. పడకగదిలో పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఆ సర్వర్‌ని మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఆమే కట్టింది. ఆ ఆఫీసు గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. కానీ సర్వర్ ఎప్పుడు అలుగుతుందో, ఎందుకు అలుగుతుందో తెలిసింది ఆమె ఒక్కదానికే. పాటలు వినకపోతే పని సాగదని తోటివాళ్ళకి చెప్పుకుని ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాడు. ఆమె చెబుతుంది, ఆయన కొడతాడు. ఎవరైనా దగ్గరికొస్తే టక్కున చెవిలోంచి వైరు పీకేస్తాడు. ఇక్కడ ఆమె గోడకి చెబుతున్నట్టు చెప్పుకుంటూ పోయి, కాసేపటికి సంగతి తెలిసి నోరు మూసుకుంటుంది.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ ఫోన్ల కోసం ఆమె ఎదురుచూసేది. పెన్నం, బట్టలు, మాత్రలు, మళ్ళీ పెన్నం. వీటి మధ్య ఆ పది నిమిషాలే ఆమె బుర్ర ఆమెకి తిరిగొచ్చేది. చిక్కుముడి వేలికి దొరికి సర్రున విడిపోతే ఒళ్ళంతా తేలికయ్యేది. జీతం ఆయనది, పేరు ఆయనది, పోనీ ఆ సంతోషమైనా నాది కదా అనుకునేది. ఎంత ఆకలి ఉంటే మనిషి ఎంగిలి మెతుకుల్ని విందు అనుకుంటుంది!

పోయిన నెల ఆయనే నోరు జారాడు, సర్వర్ పనికి ఇంకో మనిషిని తీసుకుంటామంటున్నారని. ఆమె గరిటె కింద పెట్టి మరీ అడిగింది. "నా పేరు చెప్పండి. నేను వస్తాను." "చెబుతాలే" అన్నాడు. తర్వాత "చెప్పాను, ఆలోచిస్తున్నారు" అన్నాడు. ఆ ఒక్కమాట పట్టుకుని ఆమె ఎంత దూరం వెళ్ళిపోయిందో! పగటిపూట అత్తగారిని కనిపెట్టుకోడానికి మనిషిని మాట్లాడుకుంది. బడి అయ్యాక పాపని ఉంచుకుంటావా అని పక్కింటావిడని బతిమాలింది. పాత చెప్పులకి కొత్త పట్టీలు వేయించింది. రోజూ ఆయన మొహం చూసేది. అడిగితే విసుక్కుంటాడని అడిగేది కాదు.

మెయిళ్ళు వెనక్కొచ్చిన ఆ రోజంతా యుద్ధమే. ముందు ఆ రిలే తలుపు మూయించింది. పేరుకుపోయిన చెత్త మెయిళ్ళు తుడిపించింది. ఏ బ్రాంచ్‌లకి రిలే ఇవ్వాలో ఒక్కొక్క అడ్రస్సూ చదివింది. మమ్మల్ని బ్లాక్‌లిస్ట్ నుంచి తీసేయండి, తప్పు దిద్దుకున్నాం అని ఆయన పేరుతో అర్జీ ఆమె చెబితే ఆయన టైపు చేశాడు. మధ్యలో అత్తగారిని బాత్రూమ్‌కి నడిపించింది, పాపని బడి నుంచి తెచ్చింది. తిన్నావా అని ఎవరూ అడగలేదు. పొద్దు వాలుతుండగా మెయిళ్ళు కదిలాయి. "హమ్మయ్య, అయిపోయింది" అన్నాడాయన. పెట్టేశాడు.

దీపాలు పెట్టే వేళకి చెప్పాపెట్టకుండా పెద్ద మేనేజర్ని వెంటబెట్టుకొచ్చాడు. తలుపు తీసిన ఆమె గబగబా కొంగుకి చేతులు తుడుచుకుంది. నన్ను చూడ్డానికే! ఉద్యోగం సంగతి మాట్లాడ్డానికే! ఏళ్ళ తర్వాత ఆమె తనంతట తానే అద్దం ముందుకి వెళ్ళింది, జుట్టు సరిచేసుకుంది, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మనసులోనే అప్పజెప్పుకుంది. టీ కలిపి పట్టుకొచ్చింది.

"మీ ఆయన మామూలోడు కాదమ్మా" అన్నాడు మేనేజర్, కప్పు అందుకుంటూ. "ఇవాళ మా కంపెనీ పరువు నిలబెట్టాడు. అంత గోలలోనూ చెవిలో పాటలు పెట్టుకుని నిమ్మకి నీరెత్తినట్టు చేసుకుపోయాడంటే నమ్ము."

"మా వాడు చిన్నప్పట్నుంచీ అంతే" అంది అత్తగారు కుర్చీలోంచి.

"ఒక్కడివీ కష్టపడుతున్నావు, తోడుగా ఒకరిని ఇస్తానయ్యా అంటే వద్దంటాడు. పోస్టు రద్దు చేయించేదాకా ఊరుకోలేదు. మీ ఆవిడా ఇదే చదివిందట కదా అని కూడా అడిగాను. అబ్బే, తనకి ఆసక్తి లేదండీ, అన్నీ మర్చిపోయింది అన్నాడు. నిజమేనా అమ్మా?"

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నాడు. ఎంత శ్రద్ధగా ముంచుతున్నాడో! అప్పుడర్థమైంది ఆమెకి. నేను అక్కడికొస్తే పాటలు ఆగిపోతాయి కదా, అందుకని. ఇక్కడైతే జీతం అక్కర్లేదు, కుర్చీ అక్కర్లేదు, వైరు పీకేస్తే చాలు. నెలంతా నేను చూసిన మొహం ఇదేనా?

ఇంతలో మేనేజర్ ఫోన్ మోగింది. ఆయన విన్నాడు, నొసలు ముడిపడ్డాయి. "గోడౌన్ నుంచి మెయిళ్ళు పోవట్లేదంట. రిలే లేదంటోందట. రాత్రి బండ్లు బయల్దేరాలి, ఆ కాగితాలు వెళ్ళకపోతే మనం మునిగినట్టే. చూడవయ్యా, నీకు చిటికెలో పని."

మొగుడు లాప్‌టాప్ తెరిచాడు. దాని వైపు కాదు, ఆమె వైపు చూశాడు. తర్వాత లేచి, మంచినీళ్ళకన్నట్టు ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఏం చెయ్యాలి?" అన్నాడు గొణుగుతున్నట్టు.

ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. మధ్యాహ్నం అడ్రస్సులు చదువుతుంటే ఆయన వైరు పీకేశాడు. గోడకి చదివిన ఆ చివరి అడ్రస్సు గోడౌన్‌ది. ఒక్క లైను. అంకెలతో సహా కళ్ళముందు కనబడుతోంది. ఆయన ఉద్యోగం పోతే పొయ్యి ఆరేది ఈ ఇంట్లోనే అనీ తెలుసు. ఇప్పుడు నోరు నొక్కుకుంటే, ఇన్నాళ్ళూ తనదని దాచుకున్న ఆ ఒక్క సంతోషాన్నీ తన చేతులతోనే పాతిపెట్టుకోవాలనీ తెలుసు. ఇంకేం మిగులుతుంది? పెన్నం, బట్టలు, మాత్రలు. ఆ లైను నాలుక చివరిదాకా వచ్చి కొట్టుకుంది.

"చెప్పవోయ్, త్వరగా" అన్నాడాయన పళ్ళబిగువున.

ఆమె ఆయన్ని దాటుకుని ముందుకొచ్చి, మేనేజర్‌కి ఎదురుగా నిలబడింది.

"ఇందాక అడిగారు కదండీ" అంది. "నిజమే. అన్నీ మర్చిపోయాను."